దిండి గట్టు మీద పొద్దు: ఒక ఫొటో గురించి సంవాదం

కోనసీమలో పొద్దు సముద్రంలోకి గుంకదు. ఇక్కడి తీరం తూర్పుకూ దక్షిణానికీ తెరుచుకుని ఉండడం వల్ల సముద్రం మీద చూడదగ్గది సూర్యోదయమే. సాయంత్రం సూర్యుడు ఏటికి అవతలి గట్టు వెనక్కో, కొబ్బరితోటల వెనక్కో, వరిచేల చివరికో దిగుతాడు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. అందువల్ల ఏటిగట్టున ఉన్న చాలా ఊళ్లకు పడమటి దిక్కు అంటే నీళ్లకు అవతలి దిక్కే. యానాంలో నిలబడితే గౌతమి మీదుగా ఎదుర్లంక వైపు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం వైపు, దిండిలో వసిష్ఠ మీదుగా చించినాడ వైపు పొద్దు వాలుతుంది. ఇక్కడి అస్తమయానికి నది ఉంది, అవతలి గట్టు ఉంది, ఆ గట్టు మీద నల్లగా నిలిచిన కొబ్బరి మొవ్వులున్నాయి. ఫోను చేతిలో ఉన్న ఎవరైనా ఈ మూడూ ఒక్క ఫొటోలో పట్టగలరు.

అలాంటి ఫొటో ఒకటి దిండి నుంచి ఒక కుటుంబపు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పంపినది ఆ ఇంటి ఆడపడుచు. దాని మీద వాదించుకున్న ఇద్దరిలో ఒకరు ఆమె తమ్ముడు, రాజోలు దగ్గర కొబ్బరి రైతు. రెండోది ఆయన అన్న కూతురు, అమలాపురంలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. ఇంట్లో వాళ్లు పంపిన అస్తమయం ఫొటో చూసి ఆనందించడం అసలైన ఆనందమేనా అన్నది వాళ్ల వాదం.

బాబాయి: అక్క తీసింది బాగుందమ్మా, అందులో నాకేం పేచీ లేదు. దాన్ని చూసి దిండి పొద్దు చూసేశాం అనుకోవడం దగ్గరే నా పేచీ. గట్టు మీద ఉంటే ఒంటికి గాలి తగులుతుంది. ఏటి బురద వాసన వస్తుంది. పడవ ఇంజను చప్పుడు దూరంగా పోతూ వినిపిస్తుంది. కొంగలు లంకల వైపు మళ్లుతాయి. ఫొటోలో వీటిలో ఒక్కటీ లేదు. మిగిలింది రంగు. ఆ రంగూ నిజమైంది కాదు.

అమ్మాయి: రంగు నిజం కాదని ఎలా అంటున్నారు బాబాయ్? అత్తయ్య ఏ మార్పులూ చెయ్యలేదు. తీసింది తీసినట్టే పంపింది.

బాబాయి: అత్తయ్య చెయ్యలేదు, ఫోను చేసింది.

ఈ మాటలో బలం ఉంది. గాలిలోని అణువులు నీలి కాంతిని ఎర్ర కాంతి కన్నా ఎక్కువగా చెదరగొడతాయని, ఆ చెదురు తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుందని 1871లో లార్డ్ రేలీ తేల్చాడు. ఆ లెక్కన నీలం ఎరుపు కన్నా సుమారు 4 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే, అంచుకు దిగిన సూర్యుడి కాంతి దాదాపు 38 రెట్లు గాలిని దాటుకుని కంటికి చేరాలి. దారిలో నీలమంతా పక్కలకు పోయి, చివరికి పసుపు, నారింజ, ఎరుపు మిగులుతాయి. ఇది ఆకాశం చేసే పని. ఫోను చేసేది దీనికి అదనం. సూర్యబింబం దగ్గర వెలుగు మరీ ఎక్కువ కావడంతో కెమెరా తట్టుకోలేక బింబాన్ని తెల్లటి మచ్చగానో లేత పసుపు మచ్చగానో చూపిస్తుంది. కంటికి ఎర్రగా కనిపించిన బింబం ఫొటోలో పాలిపోయేది అందుకే. తెలుపును తెలుపుగా చూపించాలని తయారైన సరిదిద్దే ఏర్పాటు ఒకటి సంజ కెంజాయను దీపపు పసుపుగా పొరబడి తగ్గిస్తుంది. ఆ తరువాత సాఫ్ట్‌వేర్ చీకటి భాగాలను వెలిగించి, రంగులను చిక్కబరుస్తుంది. పరిమాణమూ మారుతుంది. సూర్యుడు ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీ. ఫోను మామూలు లెన్సు అడ్డంగా దాదాపు 69 డిగ్రీల మేర పడుతుంది. అంటే సూర్యుడి వెడల్పు ఫొటో వెడల్పులో సుమారు 130వ వంతు. గట్టు మీద పళ్లెమంత కనిపించిన పొద్దు తెరమీద చిన్న చుక్క కావడానికి కారణం ఇదే.

అమ్మాయి: సరేనండి, ఫోను కల్పిస్తుంది. కళ్లు కల్పించవా? సూర్యుడి కాంతి మనల్ని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. పైగా అంచు దగ్గర గాలి కాంతిని వంచి, బింబాన్ని ఉన్నచోటు కన్నా అర డిగ్రీకి కాస్త ఎక్కువే పైకెత్తి చూపిస్తుంది. బింబం వెడల్పే అర డిగ్రీ కదా! అంటే చించినాడ గట్టును పొద్దు తాకుతోందని మీరు చూసే క్షణానికి, నిజానికి అది మొత్తం కిందికి దిగిపోయి ఉంటుంది. మీరు కళ్లారా చూసేదీ ఒక బొమ్మే.

బాబాయి: ఆ బొమ్మ ఆకాశం గీసింది తల్లీ. గట్టు మీద పది మంది ఉంటే పది మందికీ ఒకేలా గీస్తుంది. ఫోను గీసేది కంపెనీకొక రకం. ఒకే సాయంత్రం రెండు ఫోన్లలో తీసి పక్కపక్కన పెట్టు, రెండు ఊళ్లలా ఉంటాయి.

అమ్మాయి: రాజమండ్రి దామెర్ల రామారావు గోదావరిని రంగుల్లో వేశాడు. ఆయన రంగు ఏటి రంగుతో సరిపోయిందా లేదా అని ఎవరైనా కొలుస్తున్నారా?

బాబాయి: కొలవం. ఆయన 1925లో పోయేనాటికి ముప్పయ్యేళ్లు కూడా లేవు. ఆ కాస్త ఆయుష్షులో నీళ్లను అంత శ్రద్ధగా చూశాడు. ఆ చూపుకు దణ్ణం పెడతాను. అక్క ఫోను ఎత్తింది, నొక్కింది, పంపింది. అందులో చూపు ఎక్కడుంది?

సంవాదానికి ఇదే కీలకం. రంగు నిజమా కాదా అన్నది పైపై తగువు. ఫొటోలో తీసినవారి చూపు ఉందా, చూసేవారి చూపు దానికి అందుతుందా అన్నది అసలు విషయం. బాబాయి కోపానికి ఒక నేపథ్యం ఉంది. కుటుంబ గ్రూపుల్లోకి రోజూ వచ్చి పడే బొమ్మల్లో ఎక్కువ భాగం ఎవరు తీశారో, ఏ దేశంలో తీశారో తెలియనివి. తాటిచెట్ల వెనక ఊదారంగు ఆకాశం, దాని మీద శుభ సాయంత్రం అన్న అక్షరాలు. వాటిని ఎవరూ చూడరు. కింద చేతులు జోడించిన గుర్తు ఒకటి పెట్టి ముందుకు పోతారు. అదే అలవాటు ఇంటి మనిషి తీసిన ఫొటోకూ పాకుతుంది. దిండి పొద్దుకూ అదే గుర్తు, ఎక్కడిదో తెలియని ఊదా ఆకాశానికీ అదే గుర్తు.

అమ్మాయి: నేను చెప్పేదీ అదేనండి. ఆ రెండూ ఒకటి కావు. ఊరూపేరూ లేని బొమ్మ అందంగా ఉండొచ్చు, దాన్ని అడగడానికి మాత్రం ఏమీ ఉండదు. అత్తయ్య ఫొటోను అడగొచ్చు. ఎప్పుడు తీసింది, ఎక్కడ నిలబడి తీసింది, ఎందుకు ఆగింది? అత్తయ్య గట్టు మీదికి షికారుకు వెళ్లే మనిషి కాదు. పనిమీద పోతూ ఆగింది. ఆగి, మనకు చూపించాలనుకుంది. ఆ అనుకోవడం ఫొటోలో ఉంది.

బాబాయి: ఉందని నువ్వంటున్నావు. ఫొటోలో చూపించు.

అమ్మాయి ఫొటోను పెద్దది చేసి చూపించింది. కుడిచేతి వైపు ఫ్రేములో సగానికి సగం ఖాళీ నీళ్లు, పొద్దేమో ఎడమ చివరన ఉంది. బొమ్మ అందం కోసమే అయితే పొద్దును మధ్యకు తెచ్చేవారు. ఎడమ చివరన పొద్దుతో పాటు రేవు మెట్ల కొస కూడా పడింది. ఆ మెట్లు ఇంటివాళ్లందరికీ తెలిసిన మెట్లు. పొద్దూ, రేవూ రెండూ రావాలని ఆమె పక్కకు జరిగింది. ఈ పరిశీలన అమ్మాయిది. దీని తరువాత ఫొటోను చదివే పని బాబాయి చేతికి వెళ్లింది. ఆ పనిలో ఆయనదే పైచేయి అయింది.

బాబాయి: పొద్దు ఎడమకి ఉందంటే దక్షిణానికి ఒరిగిందన్నమాట. ఏటి వాలు వైపు. ఇది చలికాలపు పొద్దు.

ఈ ఊహకు గట్టి లెక్క ఉంది. సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించేది ఏడాదికి రెండుసార్లు, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. కోనసీమ ఉన్న అక్షాంశం దగ్గర జూన్ మూడో వారానికి అస్తమయ స్థానం పడమటికి ఉత్తరంగా 24 డిగ్రీలు దాటి జరుగుతుంది. డిసెంబరు మూడో వారానికి దక్షిణంగా అంతే జరుగుతుంది. ఒకే మెట్టు మీద నిలబడి చూసేవారికి ఏడాది పొడుగునా పొద్దు గుంకే చోటు అవతలి గట్టు మీద దాదాపు 49 డిగ్రీల మేర అటూ ఇటూ నడుస్తుంది. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదివేది ఇక్కడ గట్టు మీద కంటికి కనిపిస్తుంది. వేళలోనూ ఒక విశేషం ఉంది. పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండేది డిసెంబరు 21, 22 తేదీల్లో. పొద్దు అన్నిటికన్నా ముందు గుంకేది మాత్రం నవంబరు ఆఖరులో, అమలాపురం లెక్కన సుమారు 5.27కు. డిసెంబరు 21 నాటికి అది 5.34 దాకా వెనక్కి జరుగుతుంది. బాగా ఆలస్యంగా గుంకేది జూలై మొదటి వారంలో, సుమారు 6.40కి.

బాబాయి: నీళ్ల మీద వెలుగు చూడు. బింబం నుంచి మెట్ల దాకా పొడుగ్గా చార కట్టింది. నీళ్లు కదలకుండా ఉంటే బింబం నీళ్లలో గుండ్రంగానే కనపడేది. చిన్న చిన్న అలలు లేస్తే ఒక్కో అల ఒక్కో అద్దమై వెలుగును ఇటు తిప్పుతుంది, అందుకే చార. గాలి ఉందన్నమాట, మరీ ఎక్కువ కాదు. చార తునిగిపోకుండా ఉంది కదా. ఇక మెట్ల పక్కన చూడు, తడి బురద పట్టీ కనబడుతోంది. పాటు మీద ఉంది ఏరు. పోటులో అయితే ఆ బురద నీళ్ల కింద ఉండేది.

అమ్మాయి: ఇన్ని కనిపిస్తుంటే చూపు లేదన్నారేంటండి బాబాయ్?

బాబాయి: నేను గట్టు మీద యాభై ఏళ్లు తిరిగాను గనుక కనిపించింది. గట్టు ఎరగనివాడికి ఫొటో ఏం చెబుతుంది? ముందు గట్టు, తరువాత ఫొటో. నా మాట అదే.

అమ్మాయి: నాకు ఈ చార సంగతి గట్టు మీద ఎవరూ చెప్పలేదు. ఎన్నోసార్లు అక్కడ నిలబడ్డాను, చూడలేదు. గట్టు మీద పొద్దు రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ ఉంటుంది, బింబం అంచు తాకడం మొదలు మునిగిపోయేదాకా అంతే. ఆ తొందరలో ఏం చూస్తాం? ఫొటో ఆగింది గనుక మీరు చెప్పగలిగారు, నేను నేర్చుకున్నాను.

ఇద్దరి మాటా నిజమే, అయితే అమ్మాయి మాటను బాబాయి తేలిగ్గా కొట్టెయ్యలేకపోయాడు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట్ల సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు. అందుకే ఇక్కడ అస్తమయమూ పొట్టిది, మునిచీకటీ పొట్టిది. సూర్యుడు మునిగిన సుమారు 22 నిమిషాలకే దీపం లేకుండా పని జరగని చీకటి పడుతుంది. ఆకాశంలో చాలా ఎత్తున పీచుమబ్బులు ఉంటే రంగులు పండేది ఆ 22 నిమిషాల్లోనే, బింబం దిగిన తరువాత, కిందినుంచి వెలుగు మబ్బుల అడుగును తాకినప్పుడు. వాన కురిసి కడిగిన గాలిలో ఆ రంగులు స్పష్టంగా ఉంటాయి. దుమ్ము, పొగ ఎక్కువైతే మాసిపోతాయి. దిండి ఫొటో బింబం ఇంకా పైన ఉండగానే తీసినది. ఆమె ఇంకో పావుగంట ఆగి ఉంటే ఇంతకన్నా గొప్ప ఫొటో వచ్చేదని బాబాయి అన్నాడు. ఆ పావుగంట ఇంట్లో దీపం పెట్టే వేళ అని అమ్మాయి గుర్తుచేసింది.

దీపం మాటతో వాదం, సందెవేళ పొద్దును చూస్తూ నిలబడవచ్చా అన్న ఇంకో దారి పట్టింది. ఉదయించే సూర్యుణ్ణి, అస్తమించే సూర్యుణ్ణి, గ్రహణం పట్టిన సూర్యుణ్ణి, నీళ్లలో ప్రతిబింబించే సూర్యుణ్ణి చూడకూడదని మనుస్మృతి నాలుగో అధ్యాయం, చదువు ముగించిన స్నాతకుడికి నియమం పెట్టింది. దిండి ఫొటోలో అస్తమించే సూర్యుడూ ఉన్నాడు, నీళ్లలో సూర్యుడూ ఉన్నాడు.

బాబాయి: మీ తాతయ్య సందె వేళ మమ్మల్ని గట్టు మీద నిలబడనిచ్చేవాడు కాదు. పశువులు ఇంటికొచ్చే వేళ, దీపం పెట్టే వేళ, పొద్దుటి కొబ్బరి దింపు లెక్క చూసుకునే వేళ. ఆ కాస్త సమయానికి చెయ్యవలసిన పనులున్నాయి. అందం చూస్తూ నిలబడడం తీరిక ఉన్నవాళ్ల సంగతి.

అమ్మాయి: తాతయ్య సాయం సంధ్య వార్చేటప్పుడు ఎటు తిరిగి కూచునేవారు? పడమటికే కదండీ. బీహారు వాళ్లు కార్తీక శుద్ధ షష్ఠినాడు ఏట్లో నిలబడి అస్తమించే సూర్యుడికే అర్ఘ్యం ఇస్తారు. మన ప్రబంధ కవులు సాయంకాలాన్ని వర్ణించకుండా వదిలిపెట్టరు. చూడొద్దన్న మాట ఒకటి ఉంటే చూసిన మాటలు వంద ఉన్నాయి. అత్తయ్యకు తీరిక లేదు. తీరిక లేకుండానే చూసింది.

ఈ చివరి మాటకు బాబాయి జవాబు చెప్పలేదు. సందెవేళ చేతినిండా పని ఉన్న ఆడమనిషి ఒక్క నిమిషం ఆగి తీసిన ఫొటోకు, సెలవు మీద రిసార్టుకు వచ్చినవారు తీసిన వంద ఫొటోలకన్నా విలువ ఎక్కువ అనడంలో సందేహం అక్కర్లేదు. ఆయన మరో బలమైన అభ్యంతరం తెచ్చాడు.

బాబాయి: ఎర్రటి ఆకాశం చూడగానే ఆహా అనుకోవడం నాకు చేతకాదమ్మా. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి బద్దలైంది. 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగానే ఉండేది, మైళ్ల దూరం నుంచి కనపడేది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేశారు. దూరం నుంచి ఫొటో తీస్తే అదీ అందంగానే ఉండేది. 2022 జూలైలో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక వేస్తారు, నీళ్లు అదీ దాటి పోయాయి. లంకల్లో జనం పడవల మీద బయటికొచ్చారు. ఆ సాయంత్రాల్లోనూ పొద్దు గుంకింది. ఎర్రనీటి మీద ఎర్రపొద్దు. ఎవరైనా తీసి పంపితే నువ్వు బాగుంది అంటావా?

అమ్మాయి: అననండి. ఎందుకు అనను? అది ఏ రోజుదో, ఏ ఊరిదో నాకు తెలుసు గనుక. తెలియకపోతే అంటాను. మీరు చెప్పినదాంతో నా మాటకే బలం వస్తోంది. ఊరూ, తేదీ, పంపిన మనిషీ తెలిస్తేనే ఫొటోను చూసి సంతోషించాలో భయపడాలో తెలుస్తుంది. వరద రోజుల్లో అత్తయ్య రేవు ఫొటో పంపితే మనం చూసేది రంగును కాదు, ఎన్ని మెట్లు మునిగాయా అని.

బాబాయి: అది నిజం.

కోనసీమ ఇళ్లలో ఈ సంగతికి ఇంకొక కోణం ఉంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్, ఖతార్‌లకు వెళ్లి పనిచేసేవారు చాలామంది. వారిలో ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. ఒకప్పుడు వారికి ఊరి కబురు ఉత్తరంలోనో, మాటలు నింపిన క్యాసెట్‌లోనో, ఊరి నుంచి వచ్చిన మనిషి చేతిలోని ఫొటో కవరులోనో చేరేది. అది చేరేసరికి పంట మారిపోయేది. ఇప్పుడు దిండిలో డిసెంబరు సాయంత్రం 5.34కు తీసిన ఫొటో కువైట్‌లో అదే నిమిషానికి, అక్కడి గడియారం 3.04 చూపిస్తుండగా తెరుచుకుంటుంది. అక్కడ ఇంకా ఎండ ఉంటుంది. డాలస్‌లో ఉన్న మేనల్లుడికి అప్పటికి ఉదయం ఆరు దాటి నాలుగు నిమిషాలు, తెల్లవారనే లేదు. ఒకే పొద్దు ముగ్గురికి మూడు వేళల్లో అందుతుంది. గట్టు మీదికి వెళ్లి చూడమని బాబాయి ఇచ్చే సలహా, వీసా గడువు ముగిసేదాకా ఇంటికి రాలేని మనిషికి పనికిరాదు. ఈ వాదంలో అన్నిటికన్నా బరువైన అంశం ఇదే. దీన్ని మొదట ఎత్తింది అమ్మాయి కాదు, బాబాయే.

బాబాయి: కువైట్‌లో ఉన్న మీ పెద్దమ్మ ఈ ఫొటో చూసి ఏమందో చూశావా?

అమ్మాయి: ఏమీ అనలేదు. మెట్ల పక్కన కొబ్బరిచెట్టు ఏదీ అని అడిగింది.

బాబాయి: చూశావా! మనం ఇక్కడే ఉండి చూడలేదు. ఆ చెట్టు పడిపోయి మూడేళ్లయింది. ఎవరూ చెప్పలేదు ఆమెకి.

అమ్మాయి: అయితే గట్టుకు దూరంగా ఉన్న మనిషే ఫొటోను బాగా చూసిందన్నమాట.

బాబాయి: గట్టు ఎరిగిన మనిషి చూసింది. నా మాట అక్కడే ఉంది. అయితే ఆ ఫొటో లేకపోతే ఆమె అడిగేదీ కాదు. అంతవరకు ఒప్పుకుంటాను.

ఫొటో కింద ఏమి రాయాలన్న దగ్గర ఇద్దరూ మళ్లీ విడిపోయారు. చాలా బాగుంది అన్న మాట చాలునని అమ్మాయి అభిప్రాయం, పంపిన మనిషి సంతోషిస్తుంది కాబట్టి. బాబాయి ఒప్పుకోలేదు. చూసినవాడు చూసిన గుర్తు ఇవ్వాలని, పాటు మీద తీశావా అక్కా, గాలి ఏ వైపుది అని అడిగితేనే ఆమెకు తన ఫొటో చేరిందని తెలుస్తుందని ఆయన పట్టు. ఈ విషయంలో పెద్దాయన చెప్పిందే సరైనది. పొగడ్త ఎవరి ఫొటోకైనా అతుకుతుంది, ప్రశ్న ఆ ఒక్క ఫొటోకే పుడుతుంది.

దాచుకునే పద్ధతి మీద మాత్రం తగువు రాలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. తీసిన చోటు, వేళ వివరాలు ఫైలులోంచి తొలగిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. అది కుదరనప్పుడు కింద ఊరు, రేవు, తేదీ, వేళ, తీసినవారి పేరు ఒక వరుసలో రాస్తే చాలు. ఇరవయ్యేళ్ల తరువాత ఆ వరుస లేకపోతే ఏ గట్టుదో చెప్పగల మనిషి ఇంట్లో మిగలకపోవచ్చు.

బాబాయి: ఒక పని చెయ్యమను మీ అత్తయ్యని. అదే మెట్టు మీద, అదే చోట నిలబడి, ఏడాదికి నాలుగుసార్లు తియ్యమను. మార్చి 21, జూన్ 21, సెప్టెంబరు 23, డిసెంబరు 22. నాలుగూ పక్కపక్కన పెడితే పొద్దు నడక అంతా కనబడుతుంది. పిల్లలకి అయనాలు చెప్పడానికి ఇంతకన్నా వేరే పుస్తకం అక్కర్లేదు.

అమ్మాయి: జూన్‌లో మబ్బు పట్టి పొద్దే కనపడకపోతేనండి?

బాబాయి: మబ్బే తియ్యమను. దిండిలో ఆ రోజు మబ్బు పట్టిందని కువైట్‌లో తెలియాలి కదా.